ఆఖరి మైకు దగ్గర

చిట్టమూరు దాటాక, సముద్రం ఒడ్డున ఉన్న ప్రయోగశాలలో పెంచలప్రసాద్ పని నిప్పురవ్వలను వినడం. కాంక్రీటు గదిలో పొడుగాటి రాగి గొట్టం ఉంటుంది. అందులోకి పంపే రేడియో తరంగాల శక్తిని పెంచుతూ పోతే ఒక్కోసారి లోపల రవ్వ పుట్టి రాగి టిక్కుమంటుంది. ఎక్కడ పుట్టిందో తెలియడానికి గొట్టం పొడవునా మైకులు అతికించారు. భార్య పోయినప్పటి నుంచి రాత్రి షిఫ్టు ఆయనే అడిగి తీసుకుంటున్నాడు.

శక్తి పెట్టాక ఆ గదిలో మనిషి ఉంటే బతకడు. అందుకే వాచ్‌మన్ అమీర్ బాషాతో కలిసి మూలమూలా వెతికి, తలుపుకు తాళం వేసి వచ్చి, మైకుల చప్పుడు వినిపించే కంట్రోల్ రూములో కూర్చున్నాడు. ఇంకా స్విచ్ వేయలేదు.

గొట్టం ఆ చివర, మొదటి మైకు దగ్గర టిక్కుమంది.

శక్తి లేనిదే రవ్వ పుట్టదు.

“బాషా, లోపల ఎవరన్నా ఉండారా?”

“ఇద్దరం కల్సే గదా సార్ చూసినాం. బల్లి గూడా లేదు. మీ మొహం వాడిపోయుండాది, టీ తెస్తా ఉండండి.”

అడక్కుండా టీ తెచ్చే మనిషి ఒకడున్నాడు, అదే పదివేలనుకున్నాడు ప్రసాద్.

బాషా వెళ్ళాక మళ్ళీ టిక్. ఈసారి రెండో మైకు. తర్వాత మూడోది. చీకట్లో ఎవరో గొట్టాన్ని తడుముకుంటూ వస్తున్నట్టు, చప్పుడు తలుపు వైపు జరుగుతోంది.

ప్రసాద్ ఆ గదిలోని లౌడ్‌స్పీకర్ ఆన్ చేశాడు.

“లోపల ఎవరైనా ఉంటే బయటికి రండి.”

స్విచ్ వేసే ముందు రోజూ చెప్పే మాటే. జవాబు కోసం ఎన్నడూ ఆగలేదు. ఇప్పుడు ఆగాడు.

తలుపు పక్కనున్న ఆఖరి మైకు టిక్కుమంది. ఆ తర్వాత మైకులు లేవు.

ఆయన లేచి వెళ్ళి తాళం తీశాడు. తలుపు బార్లా తెరిచి, ఎవరూ కనిపించకపోయినా, దారికి అడ్డం లేకుండా పక్కకు జరిగాడు.

“మెట్టుండాది,” అన్నాడు మెల్లగా. “చూసుకోని రాండి.”