సముద్రంలో పడిన బాంబు

పొద్దెక్కినా నూకరత్నం తట్టలో చేపలు తరగలేదు.

అనకాపల్లి బజారులో ఎవరిని పిలిచినా తల తిప్పుకుని పోతున్నారు.

ఎక్కడో స్పెయిన్ దేశంలో విమానం కూలి, అణుబాంబొకటి సముద్రంలో పడిపోయిందట. ఇంకా దొరకలేదట. ‘సముద్రమంతా విషమేనా?’ అని పత్రికలో రోజూ పెద్ద అక్షరాలతో వేస్తున్నారు.

పూడిమడక నుంచి తట్ట మోసుకొచ్చిన మనిషి, సముద్రం తరఫున ఎంతమందికని జవాబు చెబుతుంది?

అప్పుడే ఒకాయన వచ్చి తట్ట ముందు కూర్చున్నాడు. ఊరికి కొత్త. బెల్లం వర్తకుడు గంగాధరం కొట్లో ఈమధ్యే గుమాస్తాగా కుదిరాడు.

“కానాగంతలు ఇవ్వమ్మా.”

“తింతారా బాబూ?” అంది నూకరత్నం. ఆమెకే అనుమానం.

“తింటాను. ఆ సముద్రం మనకి చాలా దూరం.”

చుట్టూ జనం మూగారు. పత్రికవాళ్లు అబద్ధం రాస్తారా అని నిలదీశారు. వాళ్లకొచ్చిన వార్తలో మన సముద్రం ఊసే లేదని ఆయన నెమ్మదిగా చెప్పాడు. నీకెలా తెలుసంటే మాత్రం నోరు విప్పలేదు.

ఆ మౌనమే కొంప ముంచింది. కిందటేడు యుద్ధం నాటి బెదురు జనానికింకా తీరలేదు. గూఢచారి అయి ఉంటాడని ఎవరో అన్నారు. ఆ మాట గంగాధరం చెవిన పడింది. పోలీసులతో తనకెందుకని, ఆ పూటే పనిలోంచి తీసేశాడు.

సంచీ పట్టుకుని బస్సెక్కుతున్న ఆయన్ని నూకరత్నం చూసింది. ఈ బాబు మంచోడని అరిచి చెప్పాలనుకుంది. రేపు చేపలమ్ముకోవాల్సింది ఆ జనానికే. తట్ట నెత్తికెత్తుకుని ఊరిదారి పట్టింది.

ఎండలు ముదిరాక బాంబు దొరికిందన్నారు. జనం మళ్లీ చేపలు బేరమాడసాగారు.

ఆయనకి గది అద్దెకిచ్చిన బాజీ సాయిబు దగ్గరికెళ్లి నూకరత్నం ఆచూకీ అడిగింది.

“ఎటెల్లేడో నాకూ తెల్దు. నలుగుర్లో నిజం సెప్పెయ్యమన్నాను. ఆల ఉప్పు తిన్నాను, బజార్లో ఆలని అల్లరెట్టలేనన్నాడు.”

“ఎవల ఉప్పు సాయిబూ?”

“ఆ పత్రికోల్లదే. సముద్రమంతా ఇసమని నేను రాయనన్నాడని, పీకేసేరు.”