కుడి చక్రం మూత

శోభనాద్రి ఆర్నెల్లుగా వెతుకుతున్న అమాయకుడు చివరికి తనంతట తానే గుమ్మంలోకి వచ్చాడు.

పేరు పోతురాజు. కృత్తివెన్నులో పాత పడవ ఒకటి కొన్నాడు. దాన్ని నాగాయలంక తీసుకెళ్ళడానికి పడవ ట్రాలీ కావాలి. లాగడానికి జీపు తెచ్చుకున్నాడు.

నాగాయలంక అనగానే శోభనాద్రి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నవ్వాడు.

"మీ ఊరంటే నాకెంత అభిమానమో తెలుసా బాబూ! తొంభై తుఫానుకి లారీ వేసుకొచ్చి మరీ పులిహోర పొట్లాలు పంచాను."

"అద్దె ఎంతండీ?"

"మీ దగ్గర అద్దేంటి? మావయ్యా అని పిలువు, పట్టుకెళ్ళు."

పోతురాజు దండం పెట్టి ట్రాలీ తగిలించుకున్నాడు. వీధి మలుపు దాకా చక్రాలు సన్నాయిలా అరిచాయి.

"పాపం, ఆ అబ్బాయి పెడన కూడా దాటడు," అంది శోభనాద్రి భార్య అమ్మాజీ.

"దాటకూడదనేగా ఇచ్చింది! నడిరోడ్డు మీద చక్రం పట్టేస్తే బేరింగులు వాడే వేయించుకుంటాడు. మనకి ఉచితం."

పడవ దించడానికి ట్రాలీని ఏట్లోకి తోసినప్పుడల్లా చక్రాల హబ్బుల్లోకి ఉప్పునీళ్ళు పోతాయి. ఎప్పటికప్పుడు మూత విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టాలి. శోభనాద్రి ఏనాడూ పెట్టలేదు. ఏటా దసరాకి మాత్రం ట్రాలీకి పచ్చరంగు వేయించి, రెండు పక్కలా తన పేరు మూరెడేసి అక్షరాలతో రాయించేవాడు. ఇరుగుపొరుగువాళ్ళు అడిగితే ఇచ్చేవాడు గానీ, వాళ్ళు వెళ్ళేది ఏటి ఒడ్డుకే. ఆ కాస్త దూరానికి ఏ చక్రమూ పట్టెయ్యదు.

మూడు రోజుల్లో రావలసిన ట్రాలీ పది రోజులైనా రాలేదు. శోభనాద్రి స్టేషన్‌కి వెళ్ళి దొంగతనం కేసు పెట్టాడు.

ఎస్సై కబురు పెడితే పోతురాజు ఆ ట్రాలీతోనే వచ్చాడు. శోభనాద్రి ముందు చక్రాల దగ్గరికి పరిగెత్తాడు. ఎడమ హబ్బు కొత్త గ్రీజుతో నిగనిగలాడుతోంది. కుడిది తుప్పుతో అలాగే ఉంది.

"కుడిది చేయించలేదేంరా?" అన్నాడు కోపంగా.

ఎస్సై నవ్వాపుకున్నాడు. "ముందు ఇది మీదేనని రుజువు చూపించండి."

"పేరు కనపడట్లేదాండీ? గుడివాడలో దగ్గరుండి చేయించుకున్నాను. పన్నెండేళ్ళయింది."

"కాగితాలు?"

"సొంత బండికి కాగితాలెందుకండీ!"

ఎస్సై పోతురాజు వైపు తిరిగాడు. "ఏవయ్యా, ఎందుకు తిరిగివ్వలేదు?"

"పెడన దగ్గర ఎడమ చక్రంలోంచి పొగలొచ్చాయి సార్. మూత విప్పి బేరింగులు మార్పించాను. అది విప్పి చూశాక కుడిదాని జోలికి పోలేదు. మీ ఎదురుగానే విప్పించండి."

"దాన్లో ఏముంటుంది నా మొహం!" అన్నాడు శోభనాద్రి. "చేయించిన దగ్గర్నుంచి ఆ మూత తీసినవాడు లేడు. కావాలంటే ఒట్టేసి చెప్తాను."

"అది రాసుకోవయ్యా," అన్నాడు ఎస్సై కానిస్టేబుల్‌తో.

రాసుకున్నాక కానిస్టేబుల్ ఉలి ఆనించి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. మూత ఊడింది. లోపల పాత గ్రీజు తారులా గడ్డకట్టి ఉంది.

"చూశారా, ఎవరూ ముట్టుకోలేదు!" అన్నాడు శోభనాద్రి గర్వంగా.

కానిస్టేబుల్ కిరసనాయిలు గుడ్డతో మూత లోపలివైపు తుడిచి ఎస్సై చేతికిచ్చాడు. ఇనుము మీద ఉలితో చెక్కిన అక్షరాలు. ఎస్సై పైకే చదివాడు.

"యలమంద, నాగాయలంక, 1988."

"మా నాన్నండి," అన్నాడు పోతురాజు. "బయట రాస్తే ఉప్పుగాలి తినేస్తుందని లోపల చెక్కాడు. తొంభై తుఫానులో ట్రాలీని సముద్రం ఎత్తుకుపోయిందనుకుని, పాపం, పోయేదాకా సముద్రాన్నే తిట్టాడు."