నల్ల మెట్టు

"ఆ నల్ల మెట్టు మీదికి వేలు ఎందుకు పోతాండాది పాపా?" అన్నాడు దాసన్న.

ఆరాధన కీబోర్డు మీది నుంచి వేలు వెనక్కి తీసుకుంది. "చెవికి అదే బాగుండాది సార్. పాట ముగిసినట్టు ఉంటాది."

"చెవి మాట ఇంటే అయినట్టే. ఎ మైనర్ స్కేలులో నల్ల మెట్టు యాడుండాది? అన్నీ తెల్లవే. ఒకటి పట్టు, ఒకటి వదులు, ఒకటి పట్టు, ఒకటి వదులు, ఒకటి పట్టు. మూడు మెట్లు కలిపి నొక్కే కార్డంటే అంతే. ఐదో స్వరం మీద కట్టినా అదే."

రాయచోటి దగ్గర వాళ్ల చర్చిలో ముప్పై ఏళ్లుగా కీబోర్డు వాయించేది దాసన్నే. ఆయన ఉండే చర్చి వెనక గది ఆ పనితో వచ్చిందే. ఆయన వేళ్లు వంగడం లేదని, ఈస్టర్ లోపల కొత్తవాళ్లను పెట్టుకోవాలని సంఘం తీర్మానించింది.

ఆ పని దొరికితే ఆరాధనకూ, వాళ్లమ్మ విశ్వాసమ్మకూ టమాటా కోతలు తప్పుతాయి. కారే రేకుల కొట్టం వదిలేసి ఆ గదిలోకి మారొచ్చు. సంగతి తెలిసి దాసన్నే పిలిచి నేర్పుతానన్నాడు. పైసా అడగలేదు. తన కుర్చీకి తనే మనిషిని తయారుచేసేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారు?

"నేను నేర్పుతాండానని ఎవురికీ చెప్పొద్దు. అందురూ వచ్చి కూకుంటారు" అని మాత్రం అన్నాడు.

మూడు నెలలు పొద్దంతా కోత, సాయంత్రం కార్డులు. ఆకు పసరుకు నల్లబడ్డ వేళ్లను చింతపండుతో తోముకుని మరీ మెట్ల మీద పెట్టేది.

పరీక్ష రోజు బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. ఎ మైనర్‌లో ఒక కీర్తన వాయించమన్నారు. చివరి పాదంలో చెవి మళ్లీ నల్ల మెట్టునే అడిగింది. వేలు లేచింది కూడా. గురువు మాట దాటడానికి మనసొప్పక తెల్ల మెట్టే నొక్కింది పిచ్చిపిల్ల.

పాట చప్పబడిపోయింది. పెద్దలు మొహాలు చూసుకున్నారు. ఒకాయన ఆమె పేరు కొట్టేశాడు. ఈ ఏడాదికి పాత ఏర్పాటే సాగనిద్దామనుకున్నారు.

"ఐదో కార్డుకు నల్ల మెట్టు ఎక్కాల్సిందే గదమ్మా. చిన్నపిల్లోళ్లకు గూడా తెలుసు. నీకు ఈ తప్పు నేర్పినోళ్లు ఎవురు?"

ఆరాధన తలెత్తి బల్ల వెనక నుంచి అడిగినాయన మొహం చూసింది.

అడిగినవాడు దాసన్న.