నోరున్న కోటలో గట్టిమేళం

పాత కట్టడాలన్నిటికీ నోరు వచ్చిన రోజులవి. తమ చరిత్రను ఉన్నదున్నట్టు, వచ్చినవాళ్ల భాషలో, అడక్కపోయినా చెప్పి తీరాలని చట్టం. ఆ సంగతి తెలియని సుభాషిణమ్మ, కూతురు హవిష ముచ్చటపడిందని నెదర్లాండ్స్‌లో ఏడువందల ఏళ్లనాటి కోటలో పెళ్లికి ఒప్పుకుంది.

పెళ్లికూతుర్ని గౌరీపూజకు కూర్చోబెట్టగానే గోడ గొంతు సవరించుకుంది. "ఈ గదిలోనే మా దొరసాని బందీగా ఉండి కన్నుమూసిందండీ."

"శివశివా! నీ నోట మన్నుపడ!" అంటూ సుభాషిణమ్మ పిల్ల చెవులు మూసింది.

"ఊరుకో అమ్మా, ఎప్పటిదో గోల!" అని నవ్వింది హవిష.

మండపంలోనూ అదే వరస. "ఇక్కడే ఒక పెళ్లికొడుకును శత్రువులు..." అని స్తంభం ఎత్తుకుంది. వియ్యపురాలి ముఖం మాడిపోయింది. "ముహూర్తానికి ఇది ఇంకో కూత కూసిందంటే మావాణ్ణి పీటల మీంచి లేపి తీసుకుపోతాను వదినగారూ!"

సుభాషిణమ్మ గబగబా వెళ్లి స్తంభానికి చేతులు జోడించింది. "బాబ్బాబు, ఒక్క శుభం మాట చెప్పు నాయనా!"

స్తంభం చాలాసేపు వెతుక్కుంది. "ముట్టడి, చెర, ప్లేగు, తర్వాత ఆసుపత్రి, ఇప్పుడు పెళ్లిళ్లకు అద్దె. సుఖంగా బతికినవాళ్ల గురించి ఎవరూ రాసిపెట్టలేదమ్మా."

"అయితే మాది రాసుకో!" అంటూ ఆమె మేళగాళ్లకు చెయ్యి ఊపింది. గట్టిమేళానికి కోటంతా దద్దరిల్లింది. ఆ హోరులోనే మూడుముళ్లూ పడ్డాయి.

మేళం ఆగగానే స్తంభం వినయంగా అడిగింది. "పెళ్లి రాసుకున్నానమ్మా. తర్వాత వాళ్లకేమైంది?"

"ఆపకండి బాబూ, వాయించండి!" అని కేకపెట్టింది సుభాషిణమ్మ.