చేదెక్కిన శీరా

ఇందుబాయి చెట్టు మొదట్లో బిందె వంచబోతుంటే మయూరి పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

“ఏం జేస్తున్నవ్ అవ్వా? ఇంకో వారం ఆగాలె గద.”

“అచ్చేటోళ్లు ముందుగాల ఈ ఎండుకట్టెనే సూస్తరు,” అంది తల్లి. “నా ఇజ్జత్ ఏం గావాలె?”

వాకిట్లో మోసంబి చెట్టు నిజంగానే ఎండుకట్టెలా ఉంది. చలికాలం రాగానే కాయలన్నీ కోసి, నీళ్ళు ఆపి, మొదలు చుట్టూ తవ్వి వేళ్ళకు ఎండ తగిలేలా చేసింది ఇందుబాయే. నాందేడ్‌లో దాన్ని తాణ్ పెట్టడం అంటారు. చెట్టు దాహంతో ఆకు రాల్చాలి. ఆ తర్వాత ఎరువు వేసి నీళ్ళు పెడితే కొమ్మకొమ్మకూ పూత. మధ్యలో జాలిపడి నీళ్ళు పోశారో, ఆకు వస్తుంది గాని పూత రాదు. ఇదంతా తెలిసిన మనిషే బిందె పట్టుకుని నిలబడింది. సిగ్గు ఎంత పనైనా చేయిస్తుంది మరి.

ఈ సంబంధం తెచ్చింది మయూరే. ఆమె, సుమిత్ ఒకే రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తారు. ఇద్దరూ ఏ టీకొట్టు దగ్గర కూర్చుని మాట్లాడుకున్నారో గాని, ఒకరోజు వచ్చి, ఆదివారం సుమిత్ వాళ్ళు వస్తున్నారని మయూరి చల్లగా చెప్పింది. ఇందుబాయి ఆ పూట అన్నం ముట్టలేదు. పెద్దలు చూడాల్సిన ముచ్చట పిల్లలు చూడడమేమిటి, నలుగురూ మొహాన ఊస్తారు అని ఏడ్చింది. భర్త పోయిన నాటినుంచి ఈ ఇంటి మీద ఒక్క మాట పడకుండా కాపాడుకుంటూ వచ్చింది. ఇప్పుడు కన్నకూతురి చేతిలోనే పరువు పోయేట్టుంది. మయూరి మాత్రం మొండిది. ఇది తప్పిపోతే మళ్ళీ సంబంధం మాటే ఎత్తనని తెగేసి చెప్పింది.

“నేను ఈ ఇంట్ల ఎన్నొద్దులుంట అవ్వా?” అని కూడా అంది.

ఉమ్రి నుంచి ఇందుబాయి తమ్ముడు గజానన్ పెద్దరికానికి వచ్చాడు. అటువైపు మనుషులు మంచివాళ్ళేననీ, కాకపోతే ఆడదిక్కు లేని ఇల్లు, అన్నీ సర్దుకోవాల్సి ఉంటుందనీ తేల్చాడు. పక్కింటి దేవకి గోడమీంచి తొంగిచూసి ఏమిటి విశేషమని ఆరా తీసింది. చుట్టాలు వస్తున్నారని చెప్పి ఇందుబాయి గబగబా లోపలికి పోయింది. మొహం కాలిపోతోంది.

చీర దగ్గర మరో రభస. మయూరి చిలకపచ్చ చీర ఇస్త్రీ చేసి పెడితే, ఇంత రంగు నాకెందుకని తల్లి పాతది చుట్టుకుంది. కూతురు ఊరుకుంటుందా? దాన్ని విప్పించి, దగ్గరుండి పచ్చచీరే కట్టించింది.

అసలు తప్పు వంటింట్లో జరిగింది. మోసంబి రసం పిండిన వెంటనే వాడుకోవాలి, నిలవుంచితే చేదెక్కుతుంది. చెట్టున్న ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. కానీ తీరా వాళ్ళు వచ్చాక పని సాగదేమోనని ఇందుబాయి, కోసి దాచిన కాయల రసం పొద్దున్నే పిండి మూతపెట్టుకుంది. మధ్యాహ్నం వేయించిన రవ్వలో ఆ రసమే పోసి శీరా కలిపింది. కంగారులో రుచి చూడలేదు.

వాళ్ళు వచ్చారు. భీమ్‌రావు ముఖేడ్ దగ్గర తోట చేసుకునే మనిషి. కొత్త తెల్లచొక్కా మెడ దగ్గర గుచ్చుకుంటోందేమో, మాటిమాటికీ సర్దుకుంటున్నాడు. వెనకే కొడుకు సుమిత్, చేతిలో మిఠాయి పెట్టె. భీమ్‌రావు గడప ఎక్కకుండా చెట్టు దగ్గర ఆగి, వంగి వేళ్ళు చూశాడు. కిటికీ వెనక నిలబడ్డ ఇందుబాయికి తననే తవ్వి ఎండలో పెట్టినట్టు అనిపించింది.

శీరా ప్లేట్లు తల్లే తేవాలని మయూరి పట్టుబట్టింది. తెచ్చింది. మొదటి చెంచాకే సుమిత్ దగ్గాడు. గజానన్ మొహం చిట్లించి, “అక్కా, చేదున్నది గదనే ఇది” అని అందరి ముందూ అనేశాడు.

ఇందుబాయికి అక్కడికక్కడే మాయమైపోతే బాగుండుననిపించింది. ఇన్నేళ్ళుగా ఇదే చెట్టు కాయలతో శీరా చేస్తోంది, ఏనాడూ ఇట్లా కాలేదు. గబగబా ప్లేట్లు తీసేయబోయింది. భీమ్‌రావు తన ప్లేటు ఇవ్వలేదు. తల దించుకుని మొత్తం తిన్నాడు.

“రసం పొద్దుగాల్నే పిండినట్టున్నరు,” అన్నాడు చివరికి. “నేను గూడ గట్లనే. తెల్లారకముందే తయారై కూసున్న.”

గజానన్ గట్టిగా నవ్వాడు. ఇందుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెట్టుకు తాణ్ పెట్టింది ఎవరని భీమ్‌రావు అడిగాడు. తనేనని ఆమె గొణిగింది. బాగా కుదిరిందనీ, తొందరపడి నీళ్ళు పోయొద్దనీ ఆయన చెప్పాడు. ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది గాని తల మాత్రం లేవలేదు.

ఇక మాట తేల్చుదామన్నాడు గజానన్. తమవైపు అందరికీ ఇష్టమేననీ, ఇటునుంచే మాట రావాలనీ సుమిత్ అన్నాడు. అందరి చూపూ ఇందుబాయి మీద పడింది. వద్దంటే కూతురి మొహం ఎట్లా చూడాలి? ఔనంటే ఊరి మొహం ఎట్లా చూడాలి? మయూరి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

సుమిత్ కుర్చీ దిగి ఆమె ముందు చాప మీద కూర్చున్నాడు. సిగ్గుపడొద్దనీ, మనసులో ఉన్నదే చెప్పమనీ బతిమాలి, మెల్లగా అడిగాడు.

“మా బాపు మీకు నచ్చిండా?”