నంబరు తప్పుంది

"మీ సైట్లో ఫోను నంబరు తప్పుంది. ఒకసారి చూసుకోండి."

సంచులమ్మాయి ఫోనుకు వచ్చిన ఆ మెసేజ్ కింద 'బాటసారి' అని పేరు, ఓ నంబరు ఉన్నాయి.

గుడ్డసంచులు కుట్టే పిల్ల కాబట్టి కంప్యూటర్ క్లాసులో అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. బొమ్మలు పేర్చినట్టు పేర్చుకుంటే వెబ్‌సైట్ తయారవుతుందని విని, క్లాసులో చేరింది. సైటు చూసి నలుగురు ఫోన్ చేస్తే సరేసరి. లేదంటే ఉన్న ఒక్క కుట్టుమిషనూ అమ్మేసి, పాత యజమాని చీవాట్లు తినడానికి మళ్లీ ఆ షాపుకే వెళ్లాలి.

చూసేవాళ్లు తిరిగి రాయగలిగే డైనమిక్ పేజీలు నేర్పిన రోజున తన సైట్లో 'మీ మాట' అని ఒక పెట్టె పెట్టుకుంది. చూసినవాళ్లు పేరు, నంబరు, చెప్పదలచుకున్నది అందులో రాస్తే, అది రాసినవాళ్ల నంబరు నుంచే నేరుగా ఆమె బటన్ల ఫోనుకు మెసేజ్‌గా వచ్చేస్తుంది.

తీరా వచ్చిన తొలి మాట ఇది!

గబగబా క్లాసుకెళ్లి సాఫ్ట్‌వేర్ తెరిచింది. వేలు పెట్టి ఒక్కో అంకే చదివింది. తన నంబరే.

"అక్కా, ఇటు చూడు. నంబరు సరిగ్గానే ఉంది కదా?"

పక్క కుర్చీలో కూర్చునే ఆ అక్క తోడబుట్టింది కాదు, అయినా అంతకన్నా ఎక్కువ అనుకునేది. ఈమె పేజీలు తయారుచేస్తే, వాటిని నెట్‌లోకి ఎక్కించేది అక్కే. "పాస్‌వర్డుల గోల నీకెందుకే, నేనున్నాగా" అని ఆ పని మొదట్లోనే నెత్తిన వేసుకుంది.

"నిక్షేపంలా ఉంది. పనీపాటా లేనివాళ్లు ఇలాగే గిల్లుతుంటారు" అంది అక్క.

మర్నాడు బాటసారి మళ్లీ రాశాడు.

"మీ కంప్యూటర్లో కాదు. బయటివాళ్లలా చూడండి."

ఆమె అది పైకి చదివింది.

"బయటా లోపలా ఏంటే! సైటేమన్నా ఇల్లా?" అక్క పకపకా నవ్వింది.

ఈమె కూడా నవ్వింది. అయినా మనసాగక, ప్రివ్యూ నొక్కి మళ్లీ చూసుకుంది. తన నంబరే. తన కంప్యూటర్లో కనిపించేదే లోకమంతా చూస్తోందని ఆ పిచ్చిపిల్ల నమ్మకం.

మూడోసారి వచ్చిన మాట మాత్రం ఒళ్లు మండించింది.

"ఎవర్నీ అంత గుడ్డిగా నమ్మకు తల్లీ."

"చూశావా అక్కా! మనిద్దర్నీ విడదీయాలని చూస్తున్నాడు!"

"ఆ నంబరు బ్లాక్ చేసెయ్. పీడా పోతుంది."

అప్పటికప్పుడే చేసేసింది. హాయిగా ఊపిరి పీల్చుకుంది.

రోజులు గడిచాయి. ఫోను మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"ఓపిక పట్టవే. అన్నీ ఒక్కరోజులో అవుతాయా?" అనేది అక్క.

పట్టింది. మిషను కొంటానన్న మనిషిని రేపు మాపు అని తిప్పింది. ఇక లాభం లేక, కళ్లు తుడుచుకుంటూ సరేనంది.

బేరం కుదిరి తిరిగొస్తుంటే, బస్టాపులో ఒకావిడ చేతిలో సంచి కనబడింది. పువ్వు తనదే. మడత తనదే. కుట్టు మాత్రం తనది కాదు.

"ఎక్కడ కొన్నారండీ ఇది?"

"నెట్‌లోనమ్మా. ఇదిగో, ఈ సైటే."

ఆవిడ తన ఫోను చూపించింది. అవి తను పేర్చిన పేజీలే. తను తీసిన ఫొటోలే. అడుగున నంబరొక్కటే తనది కాదు.

ఆ నంబరు ఎవరిదో చదవనక్కర్లేదు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. అది అక్కది.

ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లుంటారని వింది గానీ, ఆ వాసాలు అక్క చేతికిచ్చింది తనేనన్న సంగతి ఇప్పుడు తెలిసింది. అక్కడే నిలబడి అక్కకు ఫోన్ చేసింది.

"నా నంబరు ఎందుకు తీసేశావక్కా?"

"ఎక్కించే కష్టం నాది కాదా? ఊరికే చేస్తారటే ఎవరైనా?"

అంతే, పెట్టేసింది. ఆ తర్వాత క్లాసుకూ రాలేదు.

మనుషులొచ్చి కుట్టుమిషను మోసుకెళ్లారు. ఖాళీ అయిన మూల చూస్తూ కూర్చుంటే, ఆమెకు బాటసారి గుర్తొచ్చాడు. ముక్కూమొహం తెలియని మనిషి, తనకోసం అన్నిసార్లు చెప్పాడు. సొంత మనిషనుకున్నది ముంచింది. పరాయివాడి నోరేమో తనే నొక్కేసింది. కనీసం చేతులు జోడించి ఒక్క మాటైనా చెప్పాలనిపించింది.

బ్లాక్ తీసి, ఆ నంబరుకు ఫోన్ చేసింది.

చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు.

"ఎవరండీ? ఇది మా అమ్మ ఫోను. అమ్మ లేదండీ... మొన్ననే పోయింది."

ఏడ్చి ఏడ్చి బొంగురుపోయినా ఆ గొంతును ఆమె పోల్చుకుంది. అది అక్కది.