కుందేలుకి అంత పెద్ద నోరా?

పెద్దాయన చేతికర్ర జారి కింద పడింది.

పక్క కుర్చీలోని పాప చటుక్కున వంగి తీసి ఇచ్చింది.

ఆయన తలూపి ఊరుకున్నాడు.

"చిన్నపిల్ల తీసిచ్చిందే! ఒక్క మాటంటే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?" అని గొణిగింది పాప అమ్మమ్మ. ఆవిడ గొణిగితే ఆస్పత్రి హాలంతా వినపడుతుంది.

ఆవిడ బాధ ఆవిడది. లిఫ్టులో ఒంటరిగా చిక్కుకుపోయిన రోజు నుంచి మనవరాలు నోరు విప్పలేదు. అంతకుముందు వసపిట్టలా వాగే పిల్ల. చూపించని డాక్టరు లేడు. ఈ మాటల డాక్టరు కూడా చేతులెత్తేస్తే ఇంకెవరి కాళ్ళు పట్టుకోవాలో ఆవిడకి తెలియదు.

పాప గోడమీది బొమ్మనే చూస్తోంది. అడవి, బుట్ట పట్టుకున్న అమ్మాయి, చెట్టు చాటున తోడేలు.

పెద్దాయన పాపను చూశాడు. బొమ్మను చూశాడు. పెదవులు కదిపి, మళ్ళీ మూసేశాడు.

చివరికి నెమ్మదిగా, "అనగనగా..." అన్నాడు.

పాప తల తిప్పింది.

"అనగనగా ఒక అమ్మాయి. అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదని... గొడుగు నిండా రొట్టెలు పెట్టుకుని బయల్దేరింది."

"గొడుగులో రొట్టెలేంటండీ? బుట్ట!" అంది అమ్మమ్మ.

"ఆ... అదే. దారిలో ఒక కుందేలు ఎదురైంది."

పాప కనుబొమలు ముడిపడ్డాయి.

"కుందేలు గబగబా వెళ్ళి... అమ్మమ్మని మింగేసింది."

"ఓరి దేవుడా! కుందేలు అమ్మమ్మని మింగడమేంటి?" అమ్మమ్మకి ఒళ్ళు మండింది. ఎంతైనా తనూ ఒక అమ్మమ్మే కదా! "కథ రాకపోతే ఊరుకోవాలి. అసలే మాట పోయిన పిల్ల, దాని బుర్ర పాడుచేయకండి."

ఆయన ముఖం కందిపోయింది. తల దించుకున్నాడు.

పాప ఆయన చొక్కా పట్టుకుని లాగింది. మిగతాది చెప్పమన్నట్టు.

ఆయన గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

"కుందేలు... దుప్పటి కప్పుకుని పడుకుంది. 'అమ్మమ్మా, నీకింత పెద్ద చెవులెందుకు?' 'నీ మాటలు వినడానికి.' 'ఇంత పెద్ద నోరెందుకు?' 'నిన్ను... నిన్ను...'"

పాప ఆయన నోటివంకే చూస్తోంది.

"నిన్ను ఇస్త్రీ చేయడానికి!"

"కాదు!"

హాల్లో అందరూ చేతుల్లోని ఫోన్లు దించేశారు.

"కాదు తాతా! తినడానికి! అది కుందేలు కాదు, తోడేలు! కుందేలుకి అంత పెద్ద నోరుంటుందా? నీకేం రాదు, నేను చెప్తా విను!"

గొంతు కీచుగా ఉంది. అయితేనేం, మాట వచ్చింది! ఇప్పుడు మాట పడిపోవడం అమ్మమ్మ వంతయింది.

పాప చెప్పుకుంటూ పోయింది. ఆయన ఒక్కో మాటనీ పాప వెనకే పలికాడు. తోడేలు పొట్టలోంచి అమ్మమ్మ క్షేమంగా బయటపడేదాకా ఇద్దరూ ఆగలేదు.

అమ్మమ్మ మనవరాలిని గుండెలకి హత్తుకుని భోరుమంది. ఇన్నాళ్ళ బరువూ ఒక్కసారిగా దిగిపోయింది.

కళ్ళు తుడుచుకుని చూసేసరికి పక్క కుర్చీ ఖాళీ. మందులు కొనడానికెళ్ళిన ఆయన కూతురు వచ్చి తీసుకెళ్ళిపోయిందని చెప్పారెవరో.

తమ వంతు రాగానే లోపలికెళ్ళి డాక్టరమ్మ చేతులు పట్టుకుంది.

"ఎంత తెలివమ్మా మీది! పిల్లల నోరు విప్పించడానికి బయటొక మనిషిని కూర్చోబెట్టి, కావాలనే కథ తప్పు చెప్పిస్తారా? తెలియక ఆ అన్నయ్యగారిని నోటికొచ్చినట్టు అనేశాను. ఒక్కసారి పిలవండి, క్షమించమని అడుగుతాను."

"నేనెవరినీ కూర్చోబెట్టలేదే! ఎవరాయన?"

"అదేనమ్మా, పొడుగ్గా, బట్టతల. బుట్టని గొడుగంటాడు, తోడేలుని కుందేలంటాడు..."

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఆయన కథ చెప్పారా?"

"చివరిదాకా! మా పిల్లా ఆయనా కలిసి!"

డాక్టరమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది.

"ఆయన కావాలని తప్పు చెప్పలేదమ్మా. పక్షవాతం వచ్చాక ఒక మాట అనబోతే ఇంకో మాట వస్తోంది. నలుగురూ నవ్వుతారని ఆయన కూడా, మీ పాపలాగే, ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు."